బడి వాకిట్లో కేరేజీలు

ఖరగ్‌పూర్ రైల్వే కార్ఖానా మగాళ్ళందర్నీ ఒక మిట్టమధ్యాహ్నం గేటు బయటికి లాగి, కాలనీ రోడ్డు వెంట మన తెలుగు బడి దాకా నడిపించిన మొనగాడు ఎవడయ్యా అంటే, నేనే. ముందు నేను, నా వెనక వేలమంది. నమ్మనివాళ్ళు కథ అయ్యేదాకా కూర్చోండి. నమ్మినవాళ్ళు కూడా కూర్చోండి, మీకే ఎక్కువ అవసరం.

అయితే ఈ కథ నాది కాదు. జ్ఞానరత్నం టీచరుది.

అరవైల చివరి మాట. బొగ్గింజన్ల మసి బడి గోడల మీద పేరుకుపోయి, ఏ సున్నమూ నిలవని రోజులు. జ్ఞానరత్నం ఆ బడిలో చరిత్ర చెప్పేది. తండ్రి రైల్వే గార్డు, ఆయన పోయాక తల్లి, ఆ తరవాత ఇంకెవరూ లేరు. తాల్‌బగీచాలో ఒక బెంగాలీ ముసలమ్మ ఇంట్లో ఒక గది అద్దెకు తీసుకుని ఉండేది. ఒక్క మనిషికి సరిపడా అన్నం వండడం ఆవిడకు ఎన్నేళ్ళయినా చేతకాలేదు. రోజూ మిగిలేది. మధ్యాహ్నం మిగతా టీచర్లు కబుర్లాడుకుంటూ తింటుంటే, ఆవిడ చిరిగిన భూపటాలు పెట్టే గదిలోకి పోయి గోడవైపు తిరిగి తినేది. ఎవరూ పొమ్మనలేదు. ఎవరూ రమ్మనలేదు.

పదకొండో తరగతిలో ఆఖరి బెంచీ బాబ్జీది. వాళ్ళ నాన్న జగ్గారావు కార్ఖానాకు కేజువల్ కూలీలను తోలే కంట్రాక్టరు, బడి కమిటీకి ప్రెసిడెంటు కూడా. బాబ్జీ ఒక సైకిల్ గొలుసును మణికట్టుకు గడియారంలా చుట్టుకుని వచ్చేవాడు. టైము అడిగితే చూపించేవాడు.

ఆ రోజు వాడు లేచి, ముందు బెంచీలో కూర్చున్న దావీదు జుట్టు పట్టుకున్నాడు.

"ఏరా, మీ అయ్య యూనియన్‌లో సేరినాడంట? మా బాబుకి ఎదురు సెప్పినాడంట?"

"నాకేటి తెలుసు? ఒగ్గీరా," అన్నాడు దావీదు.

టీచరు సుద్దముక్క పట్టుకునే వచ్చి ఇద్దరి మధ్యా నిలబడింది. గొలుసు లేచింది దావీదు మీదికి, దిగింది టీచరు కనుబొమ్మ మీద. రక్తం కంట్లోకి కారింది. ఆవిడ ఒక్కటే మాటంది: "కూర్చో." వాడు కూర్చోలేదు. గొలుసు చుట్టుకుని, ఈల వేసుకుంటూ బయటికి పోయాడు.

ఆవిడ తరగతి వైపు తిరిగింది. ఎవరి పుస్తకంలోకి వాళ్ళు తలలు దూర్చేశారు. అంత శ్రద్ధగా ఆ తరగతి ఏనాడూ చదవలేదు. పిల్లల తప్పు కాదు. సగంమంది తండ్రులు జగ్గారావు చెయ్యి చూపిస్తే పనిలోకి వెళ్ళేవాళ్ళు, చెయ్యి దించితే ఇంట్లో కూర్చునేవాళ్ళు.

హెడ్మాస్టరు వెంకటరావుగారు టింక్చరు సీసా పట్టుకొచ్చి, "మెట్ల మీద జారిపడ్డారు కదూ?" అన్నారు. అది ప్రశ్నలా లేదు, డిక్టేషన్ చెప్పినట్టుంది.

ఆ సాయంత్రం ఇంటికి పోతుంటే దారిలో ప్రతివాళ్ళూ పలకరించారు. "ఎక్కడ పడిపోనారు టీచరమ్మా?" అని ఒకరు. "మెట్లు మా సెడ్డవి," అని ఇంకొకరు. ఆవిడ ఇల్లు చేరకముందే అబద్ధం వీధులన్నీ తిరిగొచ్చేసింది.

ఇంటి ముసలమ్మ మాత్రం కట్టు చూడగానే చేతిలో చాట కింద పెట్టి, "ఆహారే! కే మేరేఛే?" అంది. ఎవరు కొట్టారు అని అడిగిన మనిషి ఆ ఊళ్ళో ఆ ముసలమ్మ ఒక్కతే. అదీ బెంగాలీలో. తన భాషలో ఆ మాట అడిగినవాళ్ళు లేరని అర్థమయ్యాక, టీచరు గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది.

మర్నాడు జగ్గారావు బడికి వచ్చాడు. మర్యాదస్తుడు, కుర్చీ లాక్కుని నెమ్మదిగా మాట్లాడాడు.

"సూడండి టీచరుగారూ, కుర్రోళ్ళు, ఉడుకు రక్తం. మీకు పిల్లల్లేరు, తెలవదు. రేపు మజ్జానం కమిటీ కూకుంటాది. పిల్లలందర్నీ వరసగా నిలబెడతాం. మెట్ల మీద జారిపడ్డానని ఒక్క ముక్క ఆళ్ళ ముందు సెప్పీయండి. సరిపోతాది."

"చెప్పకపోతే?"

"క్లాసుని అదుపులో ఎట్టనేని టీచరు మనకెందుకు?" జగ్గారావు నవ్వాడు. "ఈ ఉద్యోగం పోతే మీకెవులున్నారు సెప్పండి? ఎవులింటికెళ్తారు?"

గొలుసు దెబ్బకు రాని నీళ్ళు ఆ మాటకు వచ్చాయి. ఆవిడ కిటికీ వైపు తిరిగి నిలబడింది, అతను వెళ్ళేదాకా. ఉద్యోగం ఒక్కటే అయితే ఆవిడ ఎలాగో తేల్చుకునేది. కళ్ళారా చూసిన పిల్లల ముందు నిలబడి, మీరు చూసింది జరగలేదు అని చెప్పాలి. ఆ తరవాత వాళ్ళకు చరిత్ర ఏ మొహంతో చెబుతుంది?

సాయంత్రం కాలనీ కుళాయి దగ్గర నుంచి పోతుంటే దావీదు తల్లి సూసన్న అడ్డంగా వచ్చి చెయ్యి పట్టుకుంది. "ఇలగొచ్చి కూకోండి టీచరమ్మా. అందరం ఇక్కడే ఉన్నాం." అందరూ అంటే బిందెలతో ఆడవాళ్ళు, పని దిగిన మగాళ్ళు, టోపీ పెట్టుకున్న యూనియన్ సెక్రటరీ సమూయేలు.

"ఆ గుంటడి కాళ్ళిరగ్గొట్టీదాం," అన్నాడు ఒక కుర్ర ఫిట్టరు.

"కొట్టొద్దు," అంది టీచరు. "వాడూ నా దగ్గర చదువుకునేవాడే."

"మరేటి, ముద్దెట్టుకోమంటారా?"

"చూసినవాళ్ళు చూశామని చెప్పాలి. నాకు అంతే కావాలి."

కాళ్ళు విరగ్గొట్టడానికి తయారైన మనిషి కూడా తన కాళ్ళే చూసుకున్నాడు.

సమూయేలు గొంతు సవరించుకున్నాడు. "ఇది బడి తగువు. అయినా యూనియన్ ఊరుకోదు. రాబోయే మీటింగులో తీర్మానం ఎడతాం."

"నీ తీర్మానం తలకి సుట్టుకుంటే రక్తం ఆగుతాదేటి సమూయేలూ?" అంది పోలమ్మ. పోలమ్మ కేరేజీలు మోసే మనిషి. పొద్దెక్కేసరికి కోటర్సుల వెంట తిరిగి, అన్నం కేరేజీలు గంపలో పేర్చుకుని, సైరన్ కూసే వేళకు కార్ఖానా గేటు దగ్గర దించేది. అలా మోసేవాళ్ళు వీధికొకరు ఉండేవాళ్ళు. ఎవరి కేరేజీ ఏదో తెలియడానికి పిడికి ఒక రంగు గుడ్డ పీలిక కట్టేవారు. ఆవిడ కూతురు చిట్టెమ్మ ఆ పదకొండో తరగతిలోనే ఉంది.

పోలమ్మ మొగుడు దేముడు జగ్గారావు గుంపులో కూలీ. "నువ్వుండవే," అన్నాడు పెళ్ళాంతో. "టీచరమ్మా, తప్పుగా అనుకోకండి. ఒక్కడు నోరిప్పితే ఆడి పని పోతాది. ఒక్కడే పోతాడు."

"అందరూ వస్తే?"

"అందరూ ఎందుకొస్తారమ్మా? మేం అందరం కలిసి గేటు కాడికొచ్చేది బువ్వకే."

జోగమ్మ అనే నల్లటి బక్కపలచటి మనిషి, మిషన్ షాపు కూలీ పెళ్ళాం, పకపకా నవ్వింది. "అది నిజమే వొదినా! కేరేజీ నాలుగడుగులు అవతలెడితే మా ఆయన నన్ను తిట్టుకుంటా అయినా అక్కడికొస్తాడు. దానికోసం సముద్రం దాటి రంగమెల్లీమన్నా ఎల్తాడు."

అందరూ నవ్వారు. టీచరు నవ్వలేదు. "జోగమ్మా, ఇంకొంచెం అవతల పెడితే?"

"ఎంత అవతల?"

"బడి దాకా."

"ఓలమ్మో," అని ఒకావిడ బిందె దించేసింది. మగాళ్ళు ఒప్పుకోరని ఒకరు, తమ గంపలు ఇక గేటు దగ్గరికి రానివ్వరని ఒకరు, చెడామడా అరుచుకున్నారు. సూసన్న ఏడ్చింది. సమూయేలు ఇది నియమావళికి విరుద్ధం అన్నాడు. చివరికి పోలమ్మ కుళాయి కట్టేసి అంది: "ఎవులి కూరలో ఉప్పెక్కువైనా తిట్లు తినీది నేనే. ఈ తిట్లూ నేనే తింటాను. రేపు నా గంప బడికే ఎల్తాది. మీ గంపలు మీ ఇష్టం."

మర్నాడు మధ్యాహ్నం. బడి వరండాలో కుర్చీల్లో కమిటీ. ఎండలో వరసగా పిల్లలు. స్తంభానికి ఆనుకుని బాబ్జీ. అందరికీ ఎదురుగా మెట్ల మీద టీచరు, నుదుటికి కట్టుతో.

సైరన్ కూసింది. ఆవిడ రోడ్డు వైపు చూసింది. గోడ పక్కన ఒక మేక పోస్టరు నములుతోంది. ఇంకెవరూ లేరు. భయపడ్డారు, అనుకుంది. వాళ్ళ మీద కోపం కూడా రాలేదు. జీవితంలో ఎవరి కోసమైనా ఇంతగా ఎదురుచూడటం ఆవిడకు అలవాటు లేదు. ఆ ఎదురుచూపే సిగ్గుగా అనిపించింది.

"కానీండమ్మా," అన్నాడు జగ్గారావు.

ఆవిడ నోరు తెరిచింది. సరిగ్గా అప్పుడు రోడ్డు మలుపులో ఒక గంప కనిపించింది. దాని వెనక ఇంకొకటి. ఆ వెనక వీధివీధీ గంపలే. ఆడవాళ్ళు గేటు తోసుకొచ్చి, పిల్లల చుట్టూ కేరేజీలు బారులు తీర్చారు.

"ఇదేటి, సత్రవనుకున్నారా?" అని లేచాడు జగ్గారావు.

"గేటు కాడ ఎండగా ఉంది బాబూ," అంది పోలమ్మ. బడి ముందూ అంతే ఎండ.

ఆ వెనకే, కార్ఖానా గేటు దగ్గర ఆగకుండా పోయిన గంపల వెంట మగాళ్ళు వచ్చారు. తిట్టుకుంటూ, చేతుల నూనె నిక్కర్లకు తుడుచుకుంటూ వచ్చారు. అందరికంటే ముందున్నది నేనే, అది నూటికి నూరుపాళ్ళూ నిజం. ఎందుకంటే ఆ రోజు మా ఇంట్లో చేపల పులుసు. ఎవణ్ణీ నడిపించలేదు, నా పులుసు ఎటు పోతే అటు నడిచాను. నా వెనకవాళ్ళూ వాళ్ళ వాళ్ళ కూరల వెనకే వచ్చారు. వేలమంది అన్నాను కదూ? వందల్లో ఉంటారు. కానీ ఆ బడి వాకిలికి అది సముద్రమే.

తీరా చూస్తే ఏ కేరేజీకీ పీలిక లేదు. దారిలోనే అన్నీ విప్పేశారు.

"నాదేదే?" అని అరిచాడు జోగమ్మ మొగుడు.

"ఏదైనా నీదే. కూకుని తిను."

పట్టుకుని పారిపోదామంటే తనదేదో తెలియదు, వదిలిపోదామంటే ఆకలి. కూర్చున్నారు. హిందువుల మూతలు కిరస్తానీలు తీశారు, కిరస్తానీల మూతలు హిందువులు తీశారు. ఎవరింటి కూడు ఎవరు ముట్టకూడదో అంతకు ముందురోజు దాకా గట్టిగా తెలిసినవాళ్ళే. నాకు కాకరకాయ వచ్చింది. నా పులుసు ఎవడు తిన్నాడో నేటికీ విచారిస్తున్నాను.

ముద్ద నోట్లోకి పోయాక గాని కళ్ళు పైకి లేవవు. దేముడి కళ్ళు లేచాయి. "పిల్లల్ని ఎండలో ఎందుకు నిలబెట్టినారు? టీచరమ్మ తలకి ఏటయ్యింది?" అన్నాడు. తెలిసే అడిగాడు.

"పడిపోనాది," అన్నాడు జగ్గారావు.

"పడిపోనేదు నాన్నా." పిల్లల వరసలోంచి చిట్టెమ్మ గొంతు సన్నగా వచ్చింది. "బాబ్జీ గొలుసుతో కొట్టినాడు. నేను సూసినాను."

జగ్గారావు దేముడి వైపు తిరిగాడు. "ఏరా, నీ కూతురేనా?"

దేముడి చేతిలో ముద్ద అలాగే ఉంది. ఆ ఒక్క జవాబు మీద వాడి రేపటి పని ఉంది, ఎల్లుండి పని ఉంది. ముద్ద కేరేజీలో పెట్టేసి లేచి నిలబడ్డాడు.

"నా కూతురే బాబూ. అబద్ధం సెప్పదు."

"నేనూ సూసినాను," అన్నాడు దావీదు. ఆ తరవాత ఇంకో పిల్ల. ఆ తరవాత ఒకేసారి కొందరు. అందరూ అన్నారని నేననను. నేల చూసినవాళ్ళూ ఉన్నారు. కానీ సైరన్ మళ్ళీ కూసి పనిలోకి రమ్మన్నప్పుడు, నేల చూసేవాళ్ళు కూడా లేవలేదు. అది కూసింది, కూసింది, ఆగిపోయింది. సమూయేలు టోపీ తీసి ఒళ్ళో పెట్టుకుని, తీర్మానం సంగతి మరిచిపోయి, ఎవరిదో పప్పు తింటున్నాడు.

టీచరు బాబ్జీని చూసింది. "నువ్వేం చూశావు?" అని అడిగింది, పాఠం అడిగినట్టే. వాడు తండ్రి వైపు చూశాడు. తండ్రి వాడి వైపు చూడలేదు. ఎదురుగా కూర్చున్న మనుషుల్ని చూస్తున్నాడు, ఇన్నేళ్ళలో మొదటిసారి లెక్క తప్పినవాడిలా.

"నేను జారిపడలేదు," అంది టీచరు, అందరికీ వినపడేలా.

పోలీసులు వచ్చేసరికి కేరేజీలు ఖాళీ అయ్యాయి. పనివాళ్ళను రెచ్చగొట్టి కార్ఖానా ఆపించారని టీచరునూ పోలమ్మనూ పట్టుకున్నారు. మనుషులు లేచి గేటుకు అడ్డంగా నిలబడ్డారు. లాఠీలు ఆడాయి. సూసన్న చెయ్యి విరిగింది. అయినా వ్యాను రోడ్డెక్కడానికి సాయంత్రం దాకా పట్టింది.

వ్యానులో చీకటి. పోలమ్మ చెంగు కింద నుంచి ఒక కేరేజీ తీసింది. "తిన్నావా టీచరమ్మా?" అంది. టీచరు లేదని తలూపింది. ఇద్దరూ ఒకే గిన్నెలోంచి తిన్నారు, మోకాళ్ళు మోకాళ్ళు తగులుతుండగా. ఎదురుగా మనిషిని పెట్టుకుని అన్నం తిని ఎన్నేళ్ళయిందో టీచరుకు గుర్తు రాలేదు.

మర్నాడు మధ్యాహ్నం సైరన్ కూసింది. మేం గేటు దగ్గర చూడనేలేదు, సరాసరి ఠాణాకే నడిచాం. గంపలు అప్పటికే అక్కడ దిగి ఉన్నాయి. పక్కపేట ఇందా బజారు నుంచి రిక్షావాళ్ళు కూడా వచ్చి కూర్చున్నారు. దేముడికి ఆ పొద్దున్నే పని పోయింది. వాడే అందరికీ మంచినీళ్ళు పోస్తున్నాడు. ఒక్క కేరేజీకీ పీలిక లేదు. ఇద్దర్నీ వదిలేదాకా తినేది అక్కడే అని ఠాణా మెట్ల మీద చెప్పింది ఎవరనుకున్నారు? చిట్టెమ్మ.

ఇదంతా జరిగిందే. ఒక్కటి తప్ప. వ్యానులో కేరేజీ కథలో నేను కల్పించి పెట్టిందే. పోలమ్మను వెనక జీపులో ఎక్కించారు. జ్ఞానరత్నం టీచరు ఆ ఇనప బండిలో ఒక్కతే పోయింది, పొద్దుటి నుంచి ఏమీ తినకుండా. ఈ కథ ఎన్నోసార్లు చెప్పాను. ఒక్కసారైనా ఆవిడను ఒక్కదాన్నే పంపడానికి నాకు నోరు రాలేదు.