నిశ్శబ్దానికి నొక్కిన బొత్తాం

చెవులు వినపడని మనిషికి పరీక్ష చేయడం తేలిక. వినపడుతున్నట్టు నటించే మనిషికి చేయడమే కష్టం. ఈ సంగతి ఆసుపత్రి మూడో అంతస్తులో, గోడలకు మందపాటి మెత్తలు తాపడం చేసిన చిన్న గది దగ్గర ఇరవై ఏళ్లుగా వినికిడి పరీక్షలు చేస్తున్న ఆమెకు బాగా తెలుసు. "చప్పుడు ఎంత సన్నగా వినపడినా సరే, బొత్తాం నొక్కండి" అని రోజంతా చెప్పి చెప్పి, చివరికి ఆ మాటే ఆమెకు పేరైపోయింది. ఆసుపత్రిలో అందరికీ ఆమె బొత్తాం మేడం.

ఆ ఉదయం గదిలో కూర్చున్నది రిటైరైన హెడ్మాస్టరు ఒకాయన. తలకు హెడ్‌ఫోన్లు, చేతిలో బొత్తాం, ముఖంలో మొదటి బెంచీ విద్యార్థి ధీమా. ఆమె అద్దానికి ఇవతల నుంచి చప్పుడు పంపినప్పుడల్లా ఆయన నొక్కుతున్నాడు. కాసేపటికి ఆమె చప్పుడు పంపడం మానేసింది. ఆయన మాత్రం నొక్కడం మానలేదు.

అద్దానికి ఇవతలే, మేడం పక్కన కుర్చీలో కూర్చున్న ఆయన భార్య మెడ సాచి అడిగింది. "ఎలా ఉందమ్మా?"

"నేనేమీ పంపకపోయినా వింటున్నారండీ."

"ఇంట్లోనూ అంతేనమ్మా. పిలిస్తే పలకరు. పిలవనప్పుడు మాత్రం 'ఏమిటే, పిలిచావా?' అంటూ వస్తారు."

బొత్తాం మేడం నవ్వు ఆపుకొని లోపలికి వెళ్లి, ఆయన చెవుల మీది హెడ్‌ఫోన్లు తీసింది. "మాస్టారూ, ఇది పరీక్షే గానీ దీనికి మార్కులు లేవు. వినపడనప్పుడు నొక్కకుండా ఊరుకోవడం కూడా సరైన జవాబే."

ఆయన తల దించుకున్నాడు. "నొక్కకపోతే చెవిటివాడినని తేలిపోతుంది గదమ్మా."

"నొక్కితే తేలకుండా ఉంటుందా? మీ అబద్ధానికి సరిపోయేట్టు చెవి మిషన్ అమర్చి పంపిస్తాను. ఇంటికెళ్లాక అమ్మగారి మాట మీకు వినపడదు."

"అది లాభమో నష్టమో ఇంకా తేల్చుకోలేదు లేమ్మా" అన్నాడాయన. అని, అద్దం వెనక భార్య కనిపించగానే, చెవికి అందకపోయినా కంటికి అందిన ఆ చూపుకు జడిసి, బుద్ధిగా హెడ్‌ఫోన్లు మళ్లీ తగిలించుకున్నాడు.

ఇంత తెలివిగా ఇతరులకు చెప్పగలిగిన బొత్తాం మేడం, ఆ మధ్యాహ్నం సెలవు పెట్టి, ఊరికి అటు చివరనున్న మరో ఆసుపత్రిలో తన సర్జన్ ముందు కూర్చోవలసి ఉంది. కూర్చొని ఏం చెప్పాలో వారం నుంచి సాధన చేస్తోంది. సాధన చేసిందంటేనే అది నిజం కాదని మనకు అర్థం కావాలి. నిజం చెప్పేవాళ్లకు సాధన అక్కర్లేదు.

ఎనిమిది నెలల క్రితం ఆమె, జారిన రొమ్ములను పైకెత్తి బిగించే శస్త్రచికిత్స చేయించుకుంది. ఇద్దరు పిల్లలకు పాలిచ్చి, ఒంటికి వచ్చిన బరువు వచ్చి, పోయినది పోయి, నలభై నాలుగో ఏట అద్దంలో చూసుకుంటే ఎవరో వాడి వదిలేసిన ఒంటిని తనకు అంటగట్టినట్టు అనిపించేది. ఎవరూ ఒక మాట అనలేదు. దుకాణాలకు చేత్తో బోర్డులు రాసే భర్త అయితే, ఆమె ఈ ఊసెత్తిన రోజున కుంచె పక్కన పెట్టి ఆశ్చర్యంగా చూశాడు. "నా కంటికి ఏ లోటూ లేదు. నీ కంటికి ఉంటే చేయించుకో. నన్ను మాత్రం కారణం చెయ్యకు" అన్నాడు. ఆ మాటను ఆమె అప్పుడు అనుమతిగా తీసుకుంది. తరవాత అదే గొంతులో ముల్లయింది.

ఆకారం కుదిరింది. మచ్చలు పలచబడ్డాయి. స్పర్శ మాత్రం తిరిగి రాలేదు. ఎడమ చనుమొన, దాని చుట్టూ అరచేతి పాటి చర్మం, మొద్దుబారిపోయాయి. గిల్లినా పరాయి ఒంటిని గిల్లినట్టే. కుడివైపు దానికి సరిగ్గా విరుద్ధం. జాకెట్టు తగిలితే గరుకు కాగితంతో రుద్దినట్టు, స్నానపు నీళ్లు పడితే సూదులు గుచ్చినట్టు. ఇందులో వింత లేదు. పక్కటెముకల మధ్య నుంచి ఆ చోటికి వచ్చే నరాలు సన్ననివి. కత్తి పడినప్పుడు, చర్మాన్ని జరిపి కుట్టినప్పుడు కొన్ని తెగుతాయి, కొన్ని సాగుతాయి. మళ్లీ అల్లుకునేటప్పుడు తమకు తోచిన కబురు మోస్తాయి. ఇవన్నీ సర్జన్ ముందే చెప్పింది. బొత్తాం మేడం అప్పుడు "ఆఁ, ఆఁ" అంటూ తలూపింది, వినపడకుండానే.

ఆ తరవాత తేలు కుట్టిన దొంగలా అయింది ఆమె పరిస్థితి. కుట్టిందని అరిస్తే దొంగతనం బయటపడుతుంది. జబ్బు కోసం కోయించుకుంటే జనం జాలిపడతారు. సోకు కోసం కోయించుకున్నదానికి ఏ మొహంతో మూలుగుతుంది? ఫోనులో కనిపించిన ప్రకటన చూసి 'నిద్రపోయిన నరాలను మేలుకొలిపే నూనె' తెప్పించుకొని, రోజూ అద్దం ముందు నిలబడి రాసుకుంది. పది రోజులకు ఎడమవైపు ఏదో తెలుస్తున్నట్టే అనిపించింది. ఒకనాడు కరెంటు పోయి, చీకట్లో రాసుకుంది. ఏమీ తెలియలేదు. అన్నాళ్లూ చూసింది కళ్లు, తెలిసిందన్నదీ కళ్లే. చూపు సాక్ష్యం చెబితే చర్మం వంత పాడుతుంది. ఆమె సీసాను చెత్తబుట్టలో పడేసి, ఎవరి కంటా పడకుండా దానిమీద ఉల్లిపొట్టు కప్పింది.

ఇవన్నీ తనలో తాను దాచుకోగలిగినవి. దాచుకోలేనిది ఒక్కటే ఉంది. భర్త ఎడమవైపు తాకితే "ఊ" అనేది, ఏమీ తెలియకపోయినా. కుడివైపు తాకితే నిప్పు తగిలినట్టు వెనక్కి జరిగేది, అనుకోకపోయినా. ఆయన ఒకటికి రెండుసార్లు చూశాడు. అడగలేదు. ఇంటికి రాగానే చేతులు తోముకోవడం మొదలుపెట్టాడు. రంగుల్లో కలిపే టర్పెంటైన్ వాసనకు ఈమె విసుక్కుంటోందని ఆయనకు తోచిన కారణం. ఆ తరవాత, "దగ్గు వస్తోంది, నీ నిద్ర చెడుతుంది" అంటూ పడక ముందుగదిలోకి మార్చాడు. ఆయన దగ్గగా ఆమె ఒక్కనాడూ వినలేదు. వినడమే వృత్తిగా ఉన్న మనిషి ఆమె.

సర్జన్ ఆమెకంటే చిన్నది, చురుకైనది. "ఎలా ఉందండీ స్పర్శ?"

"బాగానే ఉంది."

"రెండు వైపులా?"

"ఆఁ. అక్కడ కూడా."

"అక్కడ అంటే? మోచెయ్యా, మోకాలా?"

బొత్తాం మేడం చెవులు ఎర్రబడ్డాయి. రోజూ పదిమంది చెవుల్లోకి తొంగిచూసే మనిషికి, తన ఒంటిమీది ఒక భాగం పేరు నోట్లోంచి రాలేదు. "అదేనండీ... మొనల దగ్గర."

"సరే, ఒకసారి చూద్దాం. కళ్లు మూసుకోండి. సన్నటి నైలాను దారం తాకిస్తాను. తెలిసినప్పుడల్లా 'ఊ' అనండి."

కుడివైపు 'ఊ' అనడానికి ఏ ఇబ్బందీ లేకపోయింది, పళ్లు బిగపట్టుకోవడం తప్ప. ఎడమవైపుకు వచ్చేసరికి ఆమె తనకు తెలిసిన విద్యను వాడుకుంది. చెవులు రిక్కించింది. సర్జన్ చెయ్యి కదిలితే రబ్బరు తొడుగు కీచుమంటుంది. కోటు చెయ్యి గరగరమంటుంది. వంగేముందు ఊపిరి ఒక్క క్షణం ఆగుతుంది. తొడుగు కీచుమంది. "ఊ." కోటు గరగరమంది. "ఊ." మళ్లీ కీచుమంది. "ఊ."

"నేనింకా ఎడమవైపు మొదలుపెట్టలేదండీ" అంది సర్జన్. "చేతి తొడుగు చిరిగితే, కొత్తది వేసుకుంటున్నాను."

గదిలో ఫ్యాను తిరుగుతోంది. బొత్తాం మేడం కళ్లు తెరవలేదు. తెరిస్తే ఎదురుగా హెడ్మాస్టరు కూర్చొని ఉంటాడని భయం వేసింది. తల కొట్టేసినట్టయింది. ఇరవై ఏళ్లుగా ఎంతమందిని ఇలా పట్టుకుందో, వాళ్లందరూ వరసగా వచ్చి అద్దానికి అవతల నిలబడి తనను చూస్తున్నట్టుంది.

"మీ చెవులు మాత్రం దివ్యంగా ఉన్నాయి" అంది సర్జన్, నవ్వకుండా. "ఎందుకు దాచారు?"

"కోరి చేయించుకున్నదాన్ని. చావుబతుకుల జబ్బు కాదు. ఏమని ఫిర్యాదు చెయ్యను?"

"ఫిర్యాదు చెయ్యమని ఎవరన్నారు? నేను ఎలా ఉందని అడిగాను. మీరు బాగుందంటే నేనూ బాగుందనే నమ్ముతాను. రేపు ఇంకొకావిడ వచ్చి అడిగితే, మిమ్మల్ని తలుచుకొని ఆవిడకీ అదే చెబుతాను. అప్పుడు అబద్ధం మీది, నోరు నాది."

బొత్తాం మేడం ఒంటిని చుట్టుకున్న దుప్పటి అంచు పిండుతూ కూర్చుంది. సర్జన్ మళ్లీ మొదలుపెట్టి, ఈసారి నిజంగా పరీక్షించింది. కుడివైపు మంట సాధారణంగా తగ్గుతుందని, మెత్తటి బట్టతో రోజూ కొద్దికొద్దిగా అలవాటు చెయ్యాలని చెప్పింది. ఎడమవైపు సంగతి చెప్పేటప్పుడు గొంతు మార్చలేదు. "ఇంకా కొన్ని నెలలు చూడాలి. కొంత రావచ్చు. అసలు రాకపోనూవచ్చు. ఏదీ మాటివ్వలేను." కాస్త ఆగి అడిగింది. "మీ ఇంట్లో ఆయనకు తెలుసా?"

బొత్తాం మేడం చెప్పుల కోసం కాళ్లతో వెతుక్కుంది. సర్జన్ రెండోసారి అడగలేదు.

ఆమె ఇల్లు చేరేసరికి ఇంకా ఎండ ఉంది. వరండాలో సగం రాసిన బోర్డు గోడకు ఆనించి ఉంది. అక్షరాలకు ముందుగా నీలం సుద్దతో గీసుకున్న గీతలు, వాటిలో కొన్నిటికే రంగు. ఆయన పెరటి కుళాయి దగ్గర గొంతుక్కూర్చొని, బట్టల బ్రష్షుతో చేతులు తోముకుంటున్నాడు. వేళ్ల కణుపుల దగ్గర చర్మం లేచిపోయి ఎర్రగా ఉంది.

"ఏమిటండీ అది? చేతులా, మసిగిన్నెలా?"

"వాసన పోవడం లేదు."

"ఎవరన్నారు వాసనని?"

"ఎవరూ అనలేదు" అన్నాడు, తల ఎత్తకుండా. "అనకపోతేనే గదా తోముకునేది."

ఆమె వెళ్లి కుళాయి కట్టేసింది. బస్సులో వస్తూ కూర్చుకున్న మాటలన్నీ ఎటో పోయాయి. "నాకు ఎడమవైపు తెలియదండీ."

"ఏం తెలియదు?"

"ఏమీ తెలియదు. మీరు తాకినా, తలుపు తగిలినా ఒకటే. ఆపరేషన్ అయినప్పటి నుంచీ."

"మరి ఊ అన్నావు?"

"అబద్ధం."

ఆయన చేతుల నుంచి నీళ్లు కారుతున్నాయి. "మరి ఇటువైపు?"

"ఇటువైపు ఏది తగిలినా మంట. జాకెట్టు అయినా, తువ్వాలైనా. మీ చేతులని కాదు. వాసనా కాదు."

ఆయన బ్రష్షును కుళాయి గట్టు మీద పెట్టాడు. ఓదారుస్తాడేమోనని ఆమె ఎదురుచూసింది, ఎదురుచూసినందుకు మళ్లీ సిగ్గుపడింది.

"ఇన్ని నెలలూ ఈ చేతులను అసహ్యించుకున్నాను" అన్నాడు చివరికి. "ముందే చెబితే ఏం పోయేది?"

"'నేను ముందే అన్నానా' అంటారని."

అననని అనడానికి ఆయన నోరు తెరిచాడు. ఆలోచించాడు. "అనేవాణ్ణేమో" అని ఒప్పుకున్నాడు. "ఇప్పుడు కూడా నోటిదాకా వచ్చింది."

ఆ నిజం ఓదార్పు కన్నా ఎక్కువగా పనిచేసింది. ఆమె లోపలికి నడిచి, తలుపు దగ్గర ఆగి, వెనక్కి తిరగకుండా అంది. "మీ దగ్గర ఉన్నవాటిలో అన్నిటికంటే మెత్తటి కుంచె తీసుకురండి. కొత్తది. ఎంతవరకు తెలుస్తుందో, ఎక్కడ ఆగిపోతుందో చూడాలి నాకు. అద్దంలో కాదు."

కిటికీ తెర వేశారు. తెరలోంచి వచ్చే వెలుగు చాలు. ఆమె మంచం మీద కూర్చొని, జాకెట్టు ఎడమవైపు తొలగించి, కళ్లు మూసుకుంది. మూసుకొని, మళ్లీ తెరిచి, "ఉండండి" అంటూ సొరుగులోంచి దూది తీసి రెండు చెవుల్లోనూ కుక్కుకుంది.

"అదెందుకు?"

"నేను దొంగను. వింటాను."

లోకం మెత్తబడి దూరంగా జరిగింది. ఆమెకు వినపడేది తన గుండె ఒక్కటే. భుజం కింద చల్లగా, ఈక లాంటిది ఆనింది. "ఊ." ఇంకాస్త కింద. "ఊ." పక్కటెముక మీద. "ఊ." అలా చుట్టూ తిరిగి ఎన్నో చోట్ల "ఊ." తరవాత ఏమీ లేదు. ఆయన ఆగాడో, తాకుతూనే ఉన్నాడో తెలియదు. నోరు 'ఊ' అనబోయింది, అలవాటుగా, మర్యాదగా, పాపం ఆయన కష్టపడుతున్నాడని. ఆమె పెదవులు బిగించింది. ముఖమంతా సిగ్గుతో కాలుతోంది. అది మాత్రం ఒంటికి ఎంత బాగా తెలుస్తోందో! ఎంతసేపైనా ఆమె ఊ అనలేదు. మళ్లీ ఎక్కడో, అంచు దగ్గర, సన్నగా తగిలింది. తగిలిందా, తగలాలని అనుకుందా? తేల్చుకోలేక, అది కూడా వదిలేసింది.

ఆయన భుజం తట్టాక కళ్లు తెరిచింది. ఆయన ఒక చేతిలో కుంచె ఉంది, మరో చేతిలో నీలం సుద్దముక్క. ఆమె ఊ అన్న ప్రతిచోటా, కుంచె వెనకే, ఒక చుక్క పెట్టుకుంటూ వచ్చాడు. చుక్కలన్నీ కలిస్తే వంకరటింకర గుండ్రం. దాని నడుమ ఖాళీ. ఆమె అనుకున్నదానికంటే పెద్ద ఖాళీ.

దూది తీసింది. "ఇంతా?"

"ఇంతే" అన్నాడాయన. "మధ్యలో చాలాసార్లు తాకాను. నువ్వు ఒక్కసారి కూడా అబద్ధమాడలేదు." మంచం పట్టె మీద కూర్చొని, సుద్ద అంటిన వేళ్లను లుంగీకి తుడుచుకోబోయి, మానుకున్నాడు. "కొన్నాళ్లాగి మళ్లీ పెడదాం చుక్కలు. లోపలికి జరుగుతాయో, ఇక్కడే ఉంటాయో."

"జరక్కపోతే?"

"జరగలేదని తెలుస్తుంది."

ఆమె తల దించుకుంది. పట్టపగలు, తెల్లటి ఒంటిమీద నీలం చుక్కలు, పక్కన వాటిని పెట్టిన మనిషి. సిగ్గు ముంచుకొచ్చి జాకెట్టు పైకి లాక్కుంది. లాక్కుందిగానీ, చుక్కలు చెరగకుండా, మెల్లగా.