పూజలో పెట్టిన లెక్కల పుస్తకం

ఈ ఉదయం నుంచి మా దేవుడి గది పొడవుగా ఉంది. నిన్నటిదాకా అది వంటింటి గోడలో ఒక అలమర. చెయ్యి చాపితే వెనక గోడ తగిలేది. ఇప్పుడు దీపం వెనక నుంచి గచ్చు మొదలై, రైల్వే ప్లాట్‌ఫాం అంత దూరం లోపలికి వెళ్తోంది. ఆ చివర ఎక్కడో నా లెక్కల పుస్తకం ఉంది.

అమ్మ దోసెలు పోస్తోంది. నేను చూపిస్తే అట్లకాడ పట్టుకునే ఒకసారి తొంగి చూస్తుంది.

"దసరా వెళ్ళి ఎన్నాళ్ళయింది? పూజలో పెట్టింది తియ్యకపోతే అలాగే పెరుగుద్ది మరి," అంటుంది. దోసె తిరగేస్తుంది.

మూలా నక్షత్రం రోజున సరస్వతీదేవి ముందు పుస్తకాలు పెడతాం కదా. పెట్టిన పుస్తకాన్ని ఆ రోజు ముట్టుకోకూడదు. అందుకే పిల్లలందరం ఏది చదవాలని లేదో సరిగ్గా అదే పెడతాం. భక్తికి భక్తి, సెలవుకి సెలవు. చిన్నప్పుడు నేనెప్పుడూ సోషల్ పెట్టేదాన్ని. ఈసారి మొదటిసారి లెక్కలు పెట్టాను. మర్నాడు ఉద్వాసన చెప్పి, అంటే అమ్మవారిని సాగనంపి, పుస్తకం తీసుకోవాలి. తీసుకోలేదు. మర్చిపోయానని అమ్మతో చెప్పాను కానీ, మర్చిపోవడానికి చాలా కష్టపడాల్సి వచ్చింది.

నేను ఇంటర్ రెండో సంవత్సరం. బైపీసీ, దానికి తోడు లెక్కలు. మొక్కలు, కప్పలు, ఎముకలు నాకు నచ్చి తీసుకున్నవి. లెక్కలు నాన్న "ఎందుకైనా మంచిది" అని చేర్పించినవి. నాన్న జీవితమంతా ఆ ఒక్క మాట మీదే నడుస్తోంది. కరెంటాఫీసులో పనిచేస్తాడు, ఇంట్లో మాత్రం లాంతరు నిండా కిరసనాయిలు ఉంచుతాడు. రెండు చేతులకీ వాచీలు పెట్టుకుంటాడు. మండుటెండలో గొడుగు తీసుకెళ్తాడు, గొడుగు పోతే పనికొస్తుందని సంచిలో రెయిన్‌కోటు. డాక్టరు సీటు రాకపోతే ఇంజినీరు సీటైనా ఉంటుందని నా నెత్తిన లెక్కలు పట్టాడు.

కాలేజీ నుంచి చలపతి సార్ ఫోన్ చేస్తారు.

"ఏమ్మా తన్మయీ, లెక్కలు ఉంచుతున్నావా, తీసేస్తున్నావా? దీపాలు పెట్టేలోపు చెప్పాలి. తర్వాత పేర్లు బోర్డుకి వెళ్ళిపోతాయి."

చెప్తానంటాను. ఆ జవాబు కోసం ఇంకొకరు కూడా ఎదురుచూస్తున్నారు. నా నిద్ర. అది వానలు మొదలైనప్పటి నుంచి పక్కింటి సూర్యకాంతంగారి వసారాలో పడుకుంటోంది. ఇన్ని సబ్జెక్టులున్న మంచంలో నాకు చోటెక్కడిదని అడిగి, చాప చుట్టుకుని గోడ దూకేసింది. రోజూ పళ్ళు తోముకుంటూ గోడ మీంచి దాన్ని చూస్తాను. హాయిగా గురక పెడుతూ ఉంటుంది. నాకు ఏడుపొస్తుంది.

కాళ్ళు కడుక్కుని దేవుడి గదిలోకి అడుగుపెడతాను. వెనకే నాన్న వస్తాడు, ఒక చేత్తో టార్చి, ఇంకో చేత్తో లాంతరు, చంకలో గొడుగు.

"నువ్వెందుకు నాన్నా?"

"ఒక్కదాన్నే ఎలా పంపుతానమ్మా? పద, నచ్చజెప్పి తీసుకొచ్చేద్దాం. ఇంకెంతలే, నాలుగు నెలలు పళ్ళబిగువున లాగేస్తే అయిపోద్ది."

నేను ముందు నడుస్తాను. దారికి రెండువైపులా అరుగులున్నాయి. మా ఇంట్లోవాళ్ళు ఎప్పుడో వదిలేసినవన్నీ అక్కడ బొట్లు పెట్టుకుని కూర్చున్నాయి. అమ్మ అరుగు మీద అమ్మ పెళ్ళికి ముందు వదిలేసిన హిందీ పరీక్ష ఉంది. నేతచీర కట్టుకుని బీరకాయ చెక్కు తీస్తోంది.

"మీ అమ్మ బాగుందా? పప్పులో ఉప్పు వెయ్యడం ఇంకా మర్చిపోతోందా?" అని అడుగుతుంది. తెలుగు చక్కగా మాట్లాడుతుంది. ఇన్నేళ్ళుగా మా వంటింటి పక్కనే ఉంది కదా.

"మర్చిపోతోందండి. మీకు అమ్మ మీద కోపం లేదా?"

"దేనికి? రోజూ నైవేద్యం పెడుతోంది. టీవీలో హిందీ పాట వస్తే గొంతు కలుపుతుంది. అప్పుడు నేనూ కలుపుతాను."

ఎదురుగా నాన్న అరుగు. దాని మీద ఏమీ లేదు. దుమ్ము కూడా లేదు. నాన్న టార్చి అటు వేసి, ఇటు వేసి చూస్తాడు.

"నావేవీ లేవేంటి?"

"మీరు దేన్నీ వదల్లేదు కదండీ," అంటుంది హిందీ. "వదలందే ఇక్కడికెలా వస్తాయి?"

నాన్న ముందు కాస్త గర్వంగా నవ్వుతాడు. తర్వాత లాంతరు కింద పెట్టి, ఖాళీ అరుగుని ఒక చివర నుంచి ఇంకో చివరదాకా అరచేత్తో తడుముతాడు. ఈ వరసలో ఆయన కోసం కూర్చుని ఉన్నవాళ్ళు ఎవరూ లేరు. నాకు నాన్న మీద జాలేస్తుంది. ఇంతకుముందు ఎప్పుడూ వెయ్యలేదు.

దారి చివర పసుపు రాసిన పీట మీద లెక్కలు కూర్చుని ఉన్నాయి. పుస్తకం లేదు. ఒక చిన్నపిల్ల ఉంది. నేను ఏడో తరగతిలో వేసుకున్న నీలం గౌను వేసుకుంది. అప్పట్లో నాకు లెక్కలంటే ప్రాణం. అన్నం తింటూ పళ్ళెంలో వేలితో భిన్నాలు వేసేదాన్ని. ఆ పిల్లని చూడగానే గుర్తుపడతాను.

"నా మీద కోపమొచ్చిందా?" అని అడుగుతాను.

"కోపం కాదు, కాళ్ళు పీకుతున్నాయి," అంటుంది. "ఇదివరకు నువ్వు నాతో ఆడుకునేదానివి. ఇప్పుడు గొడుగులా తెరిచి పట్టుకుని నిలబడ్డావు. వాన రావట్లేదు. నన్ను మూసెయ్యవు. ఎన్నాళ్ళని ఇలా?"

నాన్న చంకలోని గొడుగుని నెమ్మదిగా వెనక్కి దాచుకుంటాడు.

"నువ్వంటే నాకిప్పటికీ ఇష్టమే," అంటాను. నిజమే చెప్తున్నాను. ఏడుస్తూ చెప్తున్నాను.

"తెలుసు. ఇష్టమైనవాళ్ళందరినీ మంచంలోనే పడుకోబెట్టుకుంటామా?"

నాన్న పీట ముందు గొంతుక్కూర్చుంటాడు. సీనియర్ ఆఫీసరుతో మాట్లాడినట్టు మాట్లాడతాడు.

"అది కాదమ్మా, రేపెప్పుడైనా దీనికి నీ అవసరం పడితే?"

"పిలిస్తే వస్తానండి."

"రాకపోతే?"

"రానని భయపడి పట్టుకుంటున్నారు కదా, ఇప్పుడు మాత్రం ఉన్నానా?"

నాన్న నా మొహం చూస్తాడు. లాంతరు ఎత్తి, టార్చి కూడా వేసి చూస్తాడు. నా కళ్ళ కింద నలుపు ఆయనకి రెండు దీపాల వెలుగులో కనిపిస్తుంది. టార్చి ఆర్పేస్తాడు. ఆయన ఒక దీపం ఆర్పడం నేను పుట్టాక ఇదే మొదటిసారి.

"నీ ఇష్టం తల్లీ," అంటాడు. "ఏడవకు."

వదిలెయ్యడమంటే ఏంటో నాకిప్పుడు తెలుస్తోంది, అమ్మ పూజ చివర చేసేది అదే. దేవుణ్ణి పొమ్మనం. పీటని ఉత్తరం వైపు కొంచెం కదిపి, మళ్ళీ రమ్మని చెప్తాం. నేను వంగి పీట కదుపుతాను. మంచంలో నా పక్కన ఉన్నప్పటి బరువేమీ ఇప్పుడు లెక్కలకి లేదు.

"వెళ్ళిరా," అంటాను.

"నువ్వూ చెప్పు నాన్నా."

నాన్నకి దేన్నీ వెళ్ళిరమ్మని చెప్పి అలవాటు లేదు. చివరికి గొడుగు తీసి ఆ పిల్ల చేతిలో పెడతాడు.

"వెళ్ళిరామ్మా. ఇది ఉంచు, ఎందుకైనా మంచిది."

లెక్కలు నవ్వుతాయి. గొడుగు తీసుకుని మా వంటిల్లు, ముందుగది దాటి వీధిలోకి దిగుతాయి. అంకెలన్నీ వాటి వెనకే బయల్దేరతాయి. క్యాలెండర్లోంచి తారీఖులు చీమల్లా గోడ దిగుతాయి. గడియారంలోవి ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకుని దూకుతాయి. తలుపు మీది ఇంటి నంబరు, బండి నంబరు, నాన్న రెండు వాచీల్లో ఉన్నవి, గ్యాసు బండ మీద ఉన్నవి, అన్నీ వరసగా వెళ్తుంటే వీధిలోవాళ్ళు అరుగుల మీదికొచ్చి చూస్తారు. ఎవరూ ఆపరు.

"బియ్యం ఎన్ని గ్లాసులు పొయ్యనే?" అని వంటింట్లోంచి అమ్మ కేకేస్తుంది.

"అందరికీ సరిపోయేన్ని పొయ్యమ్మా."

"సరే," అంటుంది అమ్మ. ఆమె ఎప్పుడూ పోసేది అంతే.

చలపతి సార్ మళ్ళీ ఫోన్ చేస్తారు. ఫోన్లో నంబరు కనిపించదు, గొంతు మాత్రం వస్తుంది.

"వెళ్ళొస్తానని వెళ్ళింది సార్," అంటాను.

"తెలిసిందమ్మా. ఇక్కడ నోటీసు బోర్డు మీది ర్యాంకులు కూడా లేచి వెళ్ళిపోయాయి. ఎవరు ఏ సెక్షనో తెలియట్లేదు. పిల్లలు ఎవరికి నచ్చినవాళ్ళ పక్కన వాళ్ళు కూర్చుని నవ్వుతున్నారు. ఏం చెయ్యమంటావు?"

"మీరూ కూర్చోండి సార్."

దేవుడి గది మళ్ళీ అలమర అవుతుంది. అమ్మ దీపం పెడుతుంది. నాన్న మాత్రం ఒక వాచీ విప్పి, అలమరలో ఒక మూల పెట్టి, దానికి బొట్టు పెడతాడు. ఎడమ చేతికి తేలికగా ఉందని రెండుసార్లు చెప్తాడు.

గోడ అవతల గురక ఆగుతుంది. చాప చుట్టుకుని నా నిద్ర గోడ దిగి వస్తుంది. కొంచెం లావైంది. ఏమీ అడక్కుండా మంచం మీద ఖాళీ అయిన వైపు పడుకుని, నాకు కూడా చోటిస్తుంది.

నేను పడుకోబోతుంటే వీధి చివర నుంచి ఏదో గుండ్రంగా దొర్లుతూ వెనక్కి వస్తోంది. సున్నా. గడప దగ్గర ఆగి నా కేసి చూస్తుంది. పట్టుకోను. చెయ్యి చాపుతాను, అంతే. అదే నా చేతికి గాజులా ఎక్కుతుంది. సరిగ్గా సరిపోతుంది. చెవి దగ్గర పెట్టుకుంటే లోపల నీలం గౌను వేసుకున్న ఆ పిల్ల, ఎవరూ వినమని అడక్కపోయినా, రెండో ఎక్కం పాడుకుంటోంది.