చెరో పిడి

కుట్టుపనామె పాత్రల కొట్టులో చూసిన నీలం గిన్నె మీద మనసు పడి నెల దాటింది. మధ్యాహ్నాలు మిషను తొక్కుతుంటే గుడ్డ మీదికి ఆ నీలమే పరుచుకునేది. దాని మూత కింద ఏదో మెల్లగా ఉడుకుతున్న చప్పుడు వినిపించేది. ఆఖరికి ఓ సాయంత్రం, గడియారాలు బాగుచేసే భర్తను వెంటబెట్టుకుని ఆ కొట్టుకు వెళ్లింది.

"అంత ధర పెట్టొచ్చంటారా?" అని కొట్టాయనను అడిగింది.

"ఉన్నమాట చెప్తానమ్మా. మామూలు ఇనప గిన్నెలోనూ కూర ఇలాగే ఉడుకుతుంది. దీనికి ఇనుము మీద గాజు పూత ఉంది కాబట్టి తుప్పు పట్టదు, పులుపు వండినా రుచి చెడదు. జాగ్రత్తగా వాడితే మీ మనవరాళ్లూ వండుకుంటారు. కానీ ముందు ఎత్తి చూడండి."

ఆమె రెండు చేతులా ఎత్తింది. ఏళ్ల తరబడి కత్తెర పట్టిన మణికట్టు కలుక్కుమంది. ఖాళీదే ఇంత బరువుంటే, నిండాక? నెల రోజుల కల నీరుగారిపోయింది. దించేయబోతుండగా భర్త చెయ్యి వచ్చి రెండో పిడి పట్టుకుంది. బరువు సగమైంది.

"వండేది నువ్వు, దించేది నేను" అన్నాడాయన.

"ఇన్నేళ్లలో వంటింటి గడప తొక్కారా మీరు?"

"ఎప్పుడైనా పిలిచావా?"

ఆమెకు నవ్వాగలేదు. "ఇచ్చేయండి" అంది కొట్టాయనతో.

పెట్టె వద్దన్నారు. చెరో పిడీ పట్టుకుని, అడుగులో అడుగు వేసుకుంటూ నడిచారు. మబ్బు వెలుతురులో వీధంతా నీళ్ల అడుగున ఉన్నట్టు నీలంగా కనిపించింది. ఇల్లు వచ్చినా ఇద్దరూ గమనించలేదు. మలుపుదాకా వెళ్లి వెనక్కి తిరిగారు.