మేస్త్రీ లేకుండా మోసిన దుంగలు

గురువారం అవుటింగ్ రోజు. సలోమి పొద్దున్నే ముసలావిడ డొరతీకి స్నానం చేయించి, కార్డిగన్ గుండీలు పెట్టి, వీల్‌చెయిర్‌ని వ్యాన్ దగ్గరికి తోసుకొచ్చింది. చీరాల నుంచి ఇంగ్లండ్‌లో స్టీవెనేజ్ శివార్లలోని ఆ వృద్ధుల కేర్ హోమ్‌లో పనికి సలోమి వచ్చి ఏడాది దాటింది.

వ్యాన్ నడిపేది హోమ్ ఓనర్ కిషన్‌రావే. సలోమి విమానం దిగిన రోజే, "భద్రంగుంటది, నా దగ్గర పెడత" అని ఆమె పాస్‌పోర్టు తీసుకున్నాడు. మళ్లీ ఇవ్వలేదు. సెలవు అడిగితే, "నీ వీసా స్పాన్సర్‌షిప్ తీసేస్తే ఇండియా పోతవ్, ఇష్టమేనా?" అంటాడు. ఆ రోజు మాత్రం ఇంకో మాట చెప్పాడు.

"నీ బ్యాగ్ వెనక పెట్టిన. మ్యూజియం చూసినంక డొరతీని హోమ్‌ల దింపి, అట్నుంచి అటే నిన్ను స్కాట్లాండ్ తీస్కపోత. ఆడ ఇల్లంత నువ్వొక్కదానివే చూస్కోవాలె."

సలోమి వెనక ఉన్న తన బ్యాగ్ వైపు చూసింది. ఇంతకుముందు అక్కడికి పంపిన అమ్మాయి నుంచి మళ్లీ ఫోన్ రాలేదని ఆమెకు తెలుసు.

వ్యాన్ మ్యూజియం ముందు ఆగింది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో జపాన్ సైన్యం బర్మా అడవుల్లో ఎవరిచేత బలవంతంగా రైలు పట్టాలు వేయించిందో, వాళ్ల జ్ఞాపకార్థం పెట్టిన చిన్న మ్యూజియం అది. డొరతీ తండ్రి ఆ అడవుల్లో ఖైదీగా ఉండి బతికొచ్చిన సిపాయి. గోడ మీద ఆయన పేరు కింద పూలు పెట్టి, ఆమె కాసేపు కళ్లు మూసుకుంది.

లోపలి గదిలో పట్టాల ముక్క పక్కన కూలీలు కూర్చుని ఉన్నారు. మన దేశం నుంచి మలయా రబ్బరు తోటల్లో పనికెళ్లి, అక్కడి నుంచి జపాన్ సైన్యం పట్టుకెళితే ఆ అడవిలోనే చనిపోయినవాళ్లు; గోడ మీద వాళ్ల పేర్లు లేవు. చనిపోయినా, రోజూ మధ్యాహ్నాలు ఇక్కడికొచ్చి నడుం వాలుస్తారు. మ్యూజియం ఆవిడ వాళ్ల గ్లాసుల్లో నీళ్లు నింపుతూ, "వీల్‌చెయిర్ కొంచెం ఇటు జరుపుతారా? కాళ్లు చాపుకున్నారు" అంది. సలోమి జరిపింది.

"ప్రభువా, దారి చూపించు" అని ఆమె గొణుక్కోవడం విని, బక్కపలచటి మనిషి ఒకడు తలెత్తాడు.

"తెలుగు పిల్లవా? ఏటి కష్టమొచ్చిందమ్మా నీకు?"

ఎన్నాళ్లుగానో ఎవరూ అడగని మాట. సలోమి గొంతు తగ్గించి అంతా చెప్పేసింది. అతను నీళ్లు తాగడం మానేసి విన్నాడు.

"మాకూ అలాగే. జపానోళ్లు ఉచితంగా సినిమా ఆడిస్తామన్నారు. పిల్లాజెల్లాతో ఎల్లినాం. తలుపులేసీసి రైలెక్కించీసినారు."

"పారిపోలేదా?"

"రేపెల్దాం అనుకునీవోళ్లం. ఒంట్లో సత్తువున్నన్నాళ్లూ రేపే అనుకున్నాం, తల్లీ."

బయట హారన్ మోగింది. మళ్లీ మోగింది. కిషన్‌రావు గుమ్మంలోకొచ్చి డొరతీని చూసి నవ్వాడు. సలోమి వైపు తిరిగి, "నడువ్" అన్నాడు.

సలోమి నడిచింది. డొరతీని లిఫ్ట్ మీద వ్యాన్‌లోకి ఎక్కించారు. సలోమి మెట్టు మీద కాలు పెట్టింది.

అప్పుడే కూలీలు బయటికొచ్చారు. లోపలి పట్టాల కింది స్లీపర్ దుంగలు ఊడదీసి, ఇద్దరేసి భుజాన మోసుకొచ్చి, వ్యాన్ ముందు పేర్చారు. తర్వాత వెనక. వాళ్లలో ఎవరికీ తొందర లేదు.

"ఏయ్, తియ్‌రి పక్కకు!" కిషన్‌రావు సీట్లోకి దూకి రివర్స్ కొట్టాడు. చక్రం దుంగకు తగిలి ఆగిపోయింది. దిగొచ్చి సలోమి మణికట్టు పట్టుకున్నాడు. "వీళ్లకు నువ్వే చెప్పినవా?"

ఆ బక్కమనిషి చివరి దుంగ దించి చెమట తుడుచుకున్నాడు.

"ఎనకనించి అదిలించే మేస్త్రీ లేకుండా మేం సేసిన పని ఇదే మొదలు, అమ్మా. మా వల్ల అయినంతా ఇదే. నోరు నువ్వే ఇప్పాల."

సలోమి చెయ్యి విదిలించుకుంది. గుమ్మంలో ఉన్న మ్యూజియం ఆవిడ వైపు తిరిగి, తన గొంతేనా అనిపించేంత గట్టిగా అరిచింది. "నా పాస్‌పోర్టు ఇతని దగ్గరుంది! నేను ఇతనితో వెళ్లను! పోలీసుల్ని పిలవండి!"

వ్యాన్‌లోంచి డొరతీ కిటికీ అద్దం కొట్టింది. "నన్నూ దించండి. నేనూ ఇతనితో వెళ్లను."

పోలీసులు దుంగల మీదుగా దాటుకుంటూ వచ్చారు. కిషన్‌రావు మొదట నవ్వాడు, తర్వాత లాయర్ అన్నాడు, చివరికి వాళ్ల కారెక్కాడు. కానిస్టేబుల్ అమ్మాయి సలోమి పక్కన మెట్ల మీద కూర్చుంది.

"ఈ రాత్రికి నీకు సురక్షితమైన చోటు చూస్తాం. జరిగింది చూసినవాళ్లు ఇంకెవరైనా ఉన్నారా?"

గోడకి జారగిలబడి ఊపిరి తీసుకుంటున్న మనిషిని సలోమి చూపించింది. కానిస్టేబుల్ అతని ముందుకెళ్లి మోకాళ్ల మీద కూర్చుంది.

"మీ పేరు చెబుతారా, సర్?"

సలోమి ఆ మాట తెలుగులో చెప్పింది. అతను పంచె సర్దుకుని, గోడ ఆసరాతో లేచి నిలబడ్డాడు.

"కోటయ్య."

"స్పెల్లింగ్?"

సలోమి ఒక్కో అక్షరం పలికింది. కానిస్టేబుల్ రాసుకుంటూ ఉంటే, ఒక్కటి కూడా పోకుండా కోటయ్య పెదాలు కదుపుతూ విన్నాడు.