బంపర్ వెనక బీమ్

పాత బండికి టర్బో ఎక్కించడంలో ఆయన్ని మించినవాడు లేడు. టర్బో బుస కొడుతుంది, ఆయన అంతకన్నా గట్టిగా బుస కొడతాడు. అందుకే అందరికీ ఆయన బుసల మేస్త్రి. ఆ మధ్యాహ్నం షెడ్డులో ఆ బుస మామూలుగా లేదు.

మేనకోడలి కారు లిఫ్టు మీద ఉంది. ముందు బంపర్ ఊడదీసి గోడకి ఆనించారు. దాని వెనక అడ్డంగా ఉండే ఇనప బీమ్ మీద, సరిగ్గా నడుమ, రెండు తెల్లటి సుద్దగీతలు కనిపించాయి. ఆ గీతల మధ్య ముక్క కోసేస్తే టర్బో గాలిని చల్లార్చే పెద్ద ఇంటర్‌కూలర్ శుభ్రంగా పడుతుంది. రేపెప్పుడైనా ఎదురుగా గుద్దుకుంటే దెబ్బ కాసుకోవాల్సిందీ ఆ ముక్కే.

"ఎవడు గీశాడిది?" అన్నాడు మేస్త్రి. అడగడమే గానీ జవాబు కోసం ఆగలేదు. పక్కనే నిలబడ్డ మేనకోడలి మొగుడి మీద పడ్డాడు.

"ఏమయ్యా అల్లుడూ! కూలర్ బంపర్ సందులోంచి తళతళలాడుతూ నలుగురికీ కనపడాలి, అంతేగా తమరి సరదా? రోజూ ఈ బండి నడిపేదెవరు? నువ్వా? నా మేనకోడలు! పిల్లకేమన్నా అయితే నీ కూలర్ వచ్చి మా అక్కకి సమాధానం చెబుతుందా?"

"అది కాదు మావయ్యగారూ..."

"నోరు ముయ్!"

అల్లుడు బ్యాంకులో కూర్చుని పనిచేసే మనిషి. చేతిలో స్పానర్ ఎక్కడ పెట్టాలో తోచక అలాగే పట్టుకుని నిలబడ్డాడు.

"టర్బోలోంచి గాలి కాలిపోతూ వస్తుంది. ఇంజన్‌లోకి పోయేలోపు చల్లార్చాలి, ఒప్పుకున్నాను. దానికి ఇంకో చోటే లేదా? ఇంజన్ నెత్తిన పెడితే ట్రాఫిక్‌లో ఆగినప్పుడల్లా ఉడికిపోతుంది, సరే వద్దు. నీళ్లతో చల్లార్చే చిన్న డబ్బా ఇంజన్ పక్కన పెట్టు. ఆ నీళ్లకో సన్నటి రేడియేటర్ చాలు, బీమ్ ముందు ఇమిడిపోతుంది. ఓ పంపు, నాలుగు గొట్టాలు ఎక్కువ. ఆ మాత్రం ఒళ్లు వంచలేక బీమ్ కోసేస్తారా? బుద్ధి గడ్డి తిందా?"

వెనక గదిలోంచి పైపులు పట్టుకుని మేనకోడలు వచ్చింది. వేళ్లకి సుద్దపొడి ఇంకా అలాగే ఉంది.

"ఆయన్నెందుకు తిడతావు మావయ్యా? గీసింది నేను."

మేస్త్రి కోపం రెండింతలైంది. "నువ్వా! పాలపళ్లు ఊడనప్పట్నించీ ఈ షెడ్డులో తిరిగావు. నేను నీకు నేర్పిందిదేనా?"

"ఇదే." ఆమెకీ ఒళ్లు మండుతోంది. "బీమ్ ముట్టుకోవద్దని ఆయన ఎక్కడెక్కడో చదివొచ్చి మరీ చెప్పాడు. నేనే వినలేదు. మా మావయ్యకన్నా నీకు తెలుసా అని నోరు మూయించాను. నీ బండి చూసే కొలత తీశాను. పద్నాలుగు అంగుళాలు. తప్పా?"

మేస్త్రి చూపు బయటికి, తన ఎర్ర కారు మీదికి పోయింది.

ఆ కారు ఎప్పుడూ షెడ్డు ముందే ఉంటుంది, వచ్చినవాళ్లందరికీ చూపించుకోవడానికి. దాని బీమ్ పద్దెనిమిదేళ్ల కిందట ఆయనే కోశాడు. తర్వాత తీరిగ్గా ఏదో ఒకటి అతికిద్దాంలే అనుకున్నాడు. మళ్లీ ఆ ఊసే ఎత్తలేదు.

మేనకోడలికి అప్పుడే ఏదో తట్టినట్టుంది. గొంతు తగ్గింది. ఎత్తిపొడుపు కాదు, నిజంగానే అడిగింది.

"నన్ను ఆరేళ్లు బడికి దింపింది ఆ బండిలోనే కదా మావయ్యా? ముందు సీట్లో కూర్చోబెట్టుకుని?"

ఆయన అల్లుడి చేతిలో స్పానర్ లాక్కుని బయటికి నడిచాడు. ఎర్ర కారు బంపర్ బోల్టులు తుప్పు పట్టి ఓ పట్టాన రాలేదు. వేళ్లు చెక్కుకుపోతున్నా వదల్లేదు. చివరికి బంపర్ ఊడి నేలమీద పడింది. కోసిన బీమ్ అటో మొండి ముక్క, ఇటో మొండి ముక్క, నడుమ రేకులాంటి కూలర్. బొటనవేలితో నొక్కితే దాని రెక్కలు మెత్తగా వంగిపోయాయి. వాటి వెనక ఇంజన్, ఇంజన్ వెనక ఆ సీటు.

మేనకోడలు, అల్లుడు గుమ్మంలో నిలబడ్డారు.

"ఎవడు కోశాడిది?" అని వీధంతా వినపడేలా అరిచాడు మేస్త్రి.

ఈసారి జవాబు కోసం ఆగాడు.