వేడినీళ్ళలో చొక్కా

నెత్తురు మరకకి చన్నీళ్ళే పోయాలి. వేడినీళ్ళు తగిలాయా, గుడ్డకి పట్టేస్తుంది, ఆ తర్వాత బ్రహ్మదేవుడు దిగొచ్చినా వదలదు. ఆసుపత్రి దుప్పట్లు ఉతికే పనిలో చేరిన మొదటి రోజు నాకు పెద్దక్క నేర్పిన మొదటి పాఠం అది. పెద్దక్క అంటే మా అందరికంటే ముందు నుంచీ ఆ మిషన్ల మధ్య ఉన్న మనిషి. అప్పట్నుంచి ఎనిమిదేళ్ళు. కాన్పు గదివీ ఆపరేషన్ గదివీ, ఎంత నెత్తురైనా చన్నీళ్ళలో నానబెట్టి, సోడా వేసి, తెల్లగా చేసి పంపించాను. ఎవరికి ఏం జరిగిందో తెలియకుండా చెయ్యడమే మా పనితనం.

పిల్లకి ఆరో నెల నడుస్తుండగా, తడిసిన దుప్పట్లు మిషన్లోంచి లాగుతుంటే తొడల మధ్య వెచ్చగా తగిలింది. బాత్రూంలోకి వెళ్ళి చూసుకున్నాను. పదిహేను నెలల తర్వాత నెలసరి వచ్చింది. తలుపు గడియ పట్టుకుని అలాగే నిలబడిపోయాను, భయంతో. చంటిది ఇంకా పాలు వదల్లేదు, అప్పుడే నా ఒళ్ళు ఇంకొకరికి చోటు సర్దుతోంది, నన్ను ఒక్క ముక్క అడక్కుండా.

ఎందుకు భయమంటే, మా ఆయన మాట ఒకటుంది. "పాలిచ్చినన్నాళ్ళూ కడుపు రాదులే." కుట్లు మానకముందే మొదలుపెట్టిన మాట అది. "నొప్పిగా ఉందండీ" అంటే, "లోకంలో నువ్వొక్కదానివే కన్నావా?" అనేవాడు. వద్దంటే వినేవాడు కాదు. నేను గోడవైపు తిరిగి, పిల్ల లేవకూడదని పళ్ళు బిగించేదాన్ని. అయ్యాక పాలు కారి తడిసిన పక్కగుడ్డ చూసి, "ఛీ, వాసన" అనేవాడు. ఆ పక్కగుడ్డ ఉతికేది కూడా నేనే. దానికి జీతం లేదు, సెలవూ లేదు.

చెప్పినా ఆగే మనిషి కాదు, అందుకని ఇంట్లో చెప్పలేదు. మధ్యాహ్నం భోజనం మానేసి ఆసుపత్రిలోనే నర్సమ్మ దగ్గరికి వెళ్ళి కాపర్‌టీ వేయించుకున్నాను. "పాలివ్వచ్చా?" అని అడిగాను. "నిక్షేపంలా ఇవ్వు. నెలసరికి ముందూ ఆ రెండు రోజులూ కొంచెం తగ్గొచ్చు, పిల్ల చిరాకు పడొచ్చు. మానకుండా పట్టు, మళ్ళీ వస్తాయి" అంది. నా గుడ్డలన్నీ పనిలోనే చన్నీళ్ళలో ఉతుక్కుని, మిషన్ వెనక ఆరేసుకుని, ఇంటికి ఏమీ ఎరగనట్టు వచ్చేదాన్ని. మూడు నెలలు అలా నెట్టుకొచ్చాను.

నన్ను పట్టించింది పిల్లే. మూడో నెలసరికి పాలు బాగా తగ్గాయి. లాగుతుంది, రాకపోతే తల విదిలిస్తుంది, మళ్ళీ లాగుతుంది. ఆ ఆదివారం పొద్దున కొత్తగా వచ్చిన రెండు పళ్ళతో కసిగా కొరికేసింది. ఆ రోజుల్లో చనుమొన అసలే పుండులా ఉంటుంది. కెవ్వుమన్నాను. ఒక్క క్షణం, ఒక్క క్షణమే, పిల్లని విసిరి కొట్టాలనిపించింది. దాచడం దేనికి, నిజంగానే అనిపించింది. తర్వాత దాని నడినెత్తి మీద మొహం ఆనించి ఏడ్చాను.

కళ్ళు తుడుచుకుని తలెత్తితే గుమ్మంలో మా అత్తగారు.

"నెల వచ్చిందా?"

"లేదత్తయ్యా."

"నాకా చెబుతావు? ముగ్గుర్ని కన్నాను. పిల్ల రొమ్ము తోసేస్తోందంటేనే తెలియట్లా? నెత్తురు పడ్డాక పాలు విరుగుతాయి. ఆ విషం పసిదాని నోట్లో పెడుతున్నావా!"

"నర్సమ్మ ఏం కాదంది, అత్తయ్యా. అవి పాలే."

"నర్సమ్మా? అంటే వచ్చినట్టేగా!"

అంతే, నా నోటితో నేనే ఒప్పేసుకున్నాను. ఆవిడ వంటింట్లోకి వెళ్ళింది. రోట్లో ఏదో నూరుతున్న చప్పుడు వినపడింది.

మా ఆయన లిఫ్టుల మెకానిక్. ఎక్కడో ఎవరో ఇరుక్కుపోయారని ఆదివారమైనా కంపెనీ చొక్కా వేసుకుని వెళ్ళి మధ్యాహ్నానికి వచ్చాడు. వీధిలో అందరికీ మంచివాడు. ఎవరి స్విచ్చి పాడైనా పిలిస్తే పలుకుతాడు. చెప్పులు విప్పకముందే వాళ్ళమ్మ చెప్పేసింది.

"ఎన్నాళ్ళయింది?" అన్నాడు.

"మూడు నెలలు."

"మూడు నెలలు నా కళ్ళలో దుమ్ము కొట్టావన్నమాట!" అని, వాళ్ళమ్మవైపు తిరిగాడు. "పాలు మాన్పించెయ్యమ్మా. పనిలో పని, ఇంకొకర్ని కనేస్తే సరి. ఎలాగూ గుడ్డలు ఉతుకుతూనే ఉంటుందిగా, ఇద్దరివీ కలిపి ఉతికేస్తుంది."

నవ్వాడు. ఆవిడా నవ్వింది. నాకూ నవ్వు రావాల్సిన జోకే అన్నట్టు నావైపు చూశారు.

"నేను మాన్పించను" అన్నాను. "తొమ్మిదో నెలే దానికి. ఇంకొకర్ని కననూ కనను."

ఆ మాట నా గొంతులోంచే వచ్చిందా అని నేనే ఆశ్చర్యపోయేలోపు అతను నా రెండు మణికట్లూ వెనక్కి విరిచి పట్టుకున్నాడు. బిగుసుకుపోయిన బోల్టులు విప్పే చేతులవి. "కానీమ్మా" అన్నాడు. అత్తగారు గిన్నెతో వచ్చింది. నా జాకెట్టు హుక్కులు ఆవిడే తీసింది, ఏదో పాత్ర మూత తీసినంత మామూలుగా. వేపాకు ముద్ద, ఆ వాసనకే నాలుక చేదెక్కింది. పొద్దున పిల్ల కొరికిన చోట అది తగలగానే నిప్పు పెట్టినట్టయింది. తన్నాను. గిన్నె దొర్లింది. అతను నన్ను ముందుకు తిప్పి చెంప మీద కొట్టాడు. పన్ను దిగి పెదవి చిట్లింది. ఇంకో దెబ్బ పడేలోపు అతని గుండెల మీదే పడ్డాను, నెత్తురంతా ఆ గోధుమరంగు చొక్కాకి, కంపెనీ పేరు కుట్టిన జేబుకి పూసుకుంది.

"ఇప్పుడివ్వు చూద్దాం" అని అత్తగారు పిల్లని నా ఒళ్ళో పడేసింది.

చంటిదానికి ఏం తెలుసు? నమ్మకంగా నోరు తెరిచి పట్టుకుంది. మరుక్షణం వదిలేసి, నాలుక బయటపెట్టి, నా మొహంలోకి చూసింది. ఏడుపు తర్వాత వచ్చింది, ముందు ఆ చూపు వచ్చింది. మణికట్ల నొప్పి పోతుంది, పెదవి మానుతుంది. నా పిల్ల నన్ను అలా చూసేటట్టు చేసినవాళ్ళని నేను చచ్చినా క్షమించను.

"రెండు రోజులు ఏడ్చి అదే మర్చిపోతుంది" అని అత్తగారు గిన్నె కడుక్కోడానికి వెళ్ళింది.

అతను చొక్కా విప్పి నా మీదికి విసిరాడు. "రేపటికి ఇదొక్కటే ఉంది. చీకటిపడేలోపు ఆరాలి."

చొక్కా పట్టుకుని దొడ్లోకి వెళ్ళాను. చెయ్యి అలవాటుగా చన్నీళ్ళ కుళాయి మీదికే పోయింది. సగం తిప్పి ఆగిపోయాను. కుట్లప్పటి దుప్పట్లు, పాల పక్కగుడ్డలు, మిషన్ వెనక ఆరేసిన నా గుడ్డలు, ఇంతకుముందు రెండుసార్లు నా ముక్కులోంచి కారినప్పటి దిండుగలీబులు. అన్నిటినీ నేనే తెల్లగా చేశాను. ఈ ఇంట్లో ఏం జరిగిందో తెలియకుండా ఎనిమిదేళ్ళ పనితనమంతా చూపించాను.

కుళాయి కట్టేశాను. పొయ్యి మీద నీళ్ళు తెర్లకాగబెట్టి, చొక్కా బకెట్లో పరిచి, జేబు మీద మొత్తం కుమ్మరించాను. ఎర్రగా ఉన్నది కాఫీరంగుకి తిరిగి, నల్లబడి, నూలు నూలుకీ పట్టింది. పిండి, దులిపి, ఇంటి ముందు తీగ మీద వీధివైపు జేబు కనపడేలా ఆరేశాను.

తర్వాత నా రొమ్ము సబ్బుతో, చన్నీళ్ళతో, చేదు పోయిందో లేదో వేలు నాకి చూసుకుంటూ నాలుగుసార్లు కడుక్కున్నాను. పెద్దక్కకి ఫోను చేశాను. "నీ పక్క గది ఖాళీగా ఉందన్నావు" అన్నాను. నా గొంతు వినగానే ఆవిడ, "ఆటో ఎక్కి నేనే వస్తున్నా, కదలకు" అంది.

పిల్ల గుడ్డల సంచీ పక్కన పెట్టుకుని వీధి మెట్టు మీద కూర్చున్నాను. పిల్ల రెండుసార్లు మొహం తిప్పేసింది. మూడోసారి వాసన చూసి, అనుమానంగా పెదవులు ఆనించి, పట్టుకుంది. పాలు కొంచెమే ఉన్నాయి. ఉన్నంత తాగనీ అనుకున్నాను.

ఎదురింటి ముసలాయన చొక్కావైపు చూసి, నా పెదవివైపు చూసి, పేపరు మడిచేశాడు. కూరల బండి దగ్గర ఇద్దరాడవాళ్ళు బేరం మధ్యలో ఆపేశారు.

మా ఆయన బయటికొచ్చాడు. వీధిని చూసి చెయ్యి దించుకున్నాడు. గొంతు కూడా తగ్గించాడు.

"మరక పోలేదేంటే?"

"పోదు. మరిగే నీళ్ళు పోశాను."

"ఎనిమిదేళ్ళుగా అదే పని చేస్తున్నావు, నెత్తురు మరకకి వేడినీళ్ళు పొయ్యకూడదని తెలీదా?"

"తెలుసు కాబట్టే పోశాను" అని, పిల్లని రెండో వైపుకి మార్చుకున్నాను.