గుండీల డబ్బా

మా అత్తగారు నలభై ఏళ్ళు బట్టలు కుట్టింది. జానెడు గుడ్డ ముక్క పారేయాలన్నా ఆవిడకు ప్రాణం ఒప్పదు. మాత్రలతోనూ అదే వరస. డాక్టరు ఏడు రోజులకు రాసిస్తే, మూడో రోజు జ్వరం తగ్గగానే ఆపేసి మిగిలినవి గుండీల డబ్బాలో దాచేది. పక్కింటామె గొంతు నొప్పికి రెండు, కొడుకు పంటి నొప్పికి ఒకటి, అంతా ఆ డబ్బాలోంచే.

నేనేమో ఆసుపత్రి ల్యాబులో రోజంతా సూక్ష్మజీవులతో కాపురం చేసేదాన్ని. సగం సగం మింగితే క్రిములు రాటుదేలతాయని ఎన్నిసార్లు మొత్తుకున్నానో. నీ చదువు నీది, నా డబ్బా నాది అని నవ్వేసేది. ఆ నవ్వు ముందు నా కోపం ఏనాడూ నిలవలేదు.

ఈసారి మూత్రంలో మంట మొదలైతే నాకు చెప్పకుండా డబ్బాలోంచి మూడు రకాలు మింగింది. నాలుగో రోజు చలితో వణుకుతూ కుట్టుమిషను మీదే తల వాల్చేసింది. ఆసుపత్రిలో చేర్చాం. ఆవిడ మూత్రం నమూనా నా బల్ల మీదికే వచ్చింది.

క్రిములు పూసిన ప్లేటు మీద ఒక్కోదానికి ఒక్కో మందు అద్దిన చిన్న బిళ్ళలు పెట్టి ఒక రోజు ఆగుతాం. మందు పనిచేస్తే బిళ్ళ చుట్టూ ఏమీ మొలవక ఖాళీ గుండ్రం మిగులుతుంది. మర్నాడు చూస్తే పన్నెండు బిళ్ళల్లో పదకొండింటిని ఆనుకుని క్రిములు గుబురుగా పెరిగాయి. ఒక్కదాని చుట్టూ మాత్రం గుండ్రం ఉంది. స్టూలు మీద కూలబడి ఏడ్చేశాను.

ఆ మందే కొన్నాళ్ళు సూదిగా ఇచ్చి, జ్వరం దిగాక మాత్రలుగా రాసి ఇంటికి పంపారు. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి, పది రోజులు. మధ్యలో ఆపి జబ్బు తిరగబెడితే ఇక ఇవ్వడానికి తన దగ్గర ఏమీ లేదని డాక్టరమ్మ నన్ను పక్కకు పిలిచి చెప్పింది. ఇంటికొచ్చి ఆ మాట అత్తగారికీ చెప్పాను.

ఆరో రోజు నా కోటు గుండీ ఊడితే డబ్బా తెరిచాను. అడుగున పట్టుగుడ్డ ముక్కలో మూడు మాత్రలు. గుడ్డ మీద కుట్టుసుద్దతో ‘కోడలికి’ అని రాసి ఉంది. పొద్దుటిది నా ఎదుటే మింగుతోంది; మూడు సాయంత్రాలుగా మాత్ర ఎగ్గొడుతోందన్నమాట. కడిగిపారేద్దామని వెళ్ళి ఆ మూట ఆవిడ ముందు పెట్టాను.

“ఆ జబ్బుల మధ్య రోజూ తిరిగేది నువ్వు. ఇదొక్కటే పనిచేస్తుందని నువ్వే అన్నావుగా. రేపు నీకు అంటుకుంటే?” అంది ఆవిడ.

నల్ల లైనింగు గుడ్డ బల్ల మీద పరిచాను. పన్నెండు గుండీలు పెట్టి చుట్టూ సుద్ద పూశాను. ఒక్క గుండీ చుట్టూ మాత్రం నల్లగా వదిలేశాను.

“ఈ గుండీలు మందులు, సుద్ద క్రిములు. మీరు మాత్ర మానేసినప్పుడల్లా ఇది ఇలా పూడుకుపోతుంది,” అంటూ ఆ నలుపు మీదికి కొంచెం కొంచెం సుద్ద జరిపాను. “ఇదీ మూసుకుపోయాక మీ జబ్బు నాకు అంటుకుంటే, మీరు దాచిన మాత్ర నాకు పనిచేయదు అత్తయ్యా. మీరు మొత్తం మింగితేనే ఆ మందు నాకు మిగిలేది.”

ఆవిడ ఈసారి నవ్వలేదు. నేను డాక్టరమ్మకు ఫోన్ చేశాను. ఇక ఒక్కటీ మానకుండా, తప్పిపోయిన మూడూ చివర్న పూటకొకటి చొప్పున వేయమంది. అత్తగారు ఆ సాయంత్రం మాత్ర అరచేతిలో పెట్టుకుని నా వంక చూసింది.

“ఇది కోడలికి,” అని గుటుక్కున మింగేసింది.

మిగిలిన ప్రతి మాత్రా అదే మాట అని మింగింది. తర్వాత పరీక్షలో ప్లేటు మీద ఏమీ మొలవలేదు.